మూడింతలు, పైన మూడు సజ్జగింజలు

ముందే ఒప్పుకుంటే తర్వాత తిట్లు తగ్గుతాయన్న ఆశతో చెబుతున్నాను: ఉన్నదాన్ని ఉన్నంతే చెప్పడం నాకు చేతకాదు. మా ఇంట్లో బల్లి కనబడితే వాకిట్లోకి వచ్చి ఉడుము అంటాను. ఒకసారి వనపర్తి నుంచి గద్వాలకు బస్సులో నిలబడి వెళ్లి, ఒంటికాలి మీద వెళ్లానని చెప్పుకున్నాను. రెండో కాలికి ఏమైందని అడిగిన వాళ్లకు, దాని మీద వేరే ఆయన నిలబడ్డాడని చెప్పాను. నా భార్య నా రోగాన్ని ఒక్క మాటలో తేల్చింది. "ఈయనను అడ్డం ఎంత అని అడిగితే చుట్టుకొలత చెప్తడు."

ఆమె లెక్కల టీచరు కాదు గానీ ఆ మాట మాత్రం కొలిచినట్టుంది. గుండ్రటి వస్తువు ఏదైనా సరే, అడ్డం కంటే చుట్టుకొలత మూడింతలు, పైన ఇంకొంచెం ఉంటుంది. నా మాటలూ అంతే. కాబట్టి ఇందులో మీకు అంకె ఏదైనా తగిలితే మూడుతో భాగించి, పైన ఇంకొంచెం కోసేయండి. ఒక్క అంకెను మాత్రం ముట్టుకోవద్దు. అదేదో చివర్లో నేనే చెబుతాను.

మొన్న ఏడో తరగతి చదివే మా అమ్మాయి బడి నుంచి ఒక పని తెచ్చింది. ఇంట్లో గుండ్రంగా ఉన్నవి మూడు తీసుకోవాలి. దారంతో చుట్టూ కొలవాలి, అడ్డంగా కొలవాలి, మొదటిదాన్ని రెండోదానితో భాగించాలి. వస్తువు ఏదైనా జవాబు ఒకటే రావాలట. వాళ్లమ్మ గాజు, అన్నం తినే పళ్లెం, నీళ్ల డ్రమ్ము మూత తెచ్చి నా ముందు పెట్టింది. తను కొలిస్తే మూడింటికీ మూడూ, పైన చిన్న చిల్లర వచ్చింది. నేను కొలిస్తే మూడున్నర వచ్చింది.

"డాడీ, నువ్వు దారాన్ని గూడ వదులుగనే చుడ్తవు" అంది.

ఆ మాటకు నవ్వాలో కోపగించుకోవాలో తెలియక గాజును చేతిలో తిప్పుతూ కూర్చున్నాను. అప్పుడు గుర్తొచ్చింది గాజులామె.

ఆమె పేరు నాకు తెలియదు. నా పేరు ఆమెకు తెలియదు. ఇందులో ఎవరి తప్పూ లేదు. వనపర్తిలో దవాఖాన గేటుకు ఎదురుగా తోపుడు బండి మీద గాజులమ్మిన ఆ మనిషి, ఊళ్లో ఏ ఒక్కరినీ పేరుతో పిలిచి ఎరగదు. సైజుతో పిలిచేది. గాజుల సైజులు మీకు తెలిసినవే: రెండు నాలుగు, రెండు ఆరు, రెండు ఎనిమిది. గాజు లోపలి అడ్డం రెండు అంగుళాలు, పైన అంగుళాన్ని పదహారు ముక్కలు చేస్తే అందులో నాలుగో ఆరో ఎనిమిదో. అంటే రెండు నాలుగు గాజు అడ్డం రెండుంబావు అంగుళాలు. ఈ లెక్కతో ఆమె జిల్లా ఆడవాళ్లందరి జాబితా తలలో పెట్టుకుంది. "ఓ రెండు ఆరూ, నీ చెల్లె కాన్పయిందా?" అని రోడ్డు ఈ పక్క నుంచి ఆ పక్కకు అరిస్తే నలభై మంది ఆడవాళ్లు వెనక్కి తిరిగేవారు. అందులో కాన్పయిన చెల్లెలున్న మనిషే జవాబు చెప్పేది.

మగవాళ్లకూ సైజులు వేసేది. నన్ను మొదటిసారి చూసినప్పుడు చెయ్యి కూడా అడగలేదు. ఎగాదిగా చూసి, "నువ్వు గాజులల్ల రావు సారు. నీది స్కూటర్ టైరు" అంది.

మనిషి పొట్టి. ఎంత పొట్టి అంటే, బండి వెనక నిలబడితే గాజుల గుత్తుల మధ్య ఒక మొహం మాత్రమే వేలాడుతున్నట్టుండేది. నోట్లో ఎప్పుడూ తమలపాకు. మెడలో రెండు వస్తువులు వేలాడేవి, ఒకటి ఎర్ర దారం ఉండ, ఇంకోటి సున్నం డబ్బీ. ఆ డబ్బీలో సున్నం ఉంటుందని నేను చాలా ఏళ్లు అనుకున్నాను. అందులో సజ్జలుండేవి. పిచ్చుకలకేమో అనుకున్నాను. అదీ కాదు.

గాజు తొడగడంలో ఆమెది ఒక పద్ధతి. ఆడవాళ్లు వయసు దాస్తారని లోకం అనుకుంటుంది. ఆమె లెక్కలో వాళ్లు దాచేది వయసు కాదు, సైజు. రెండు ఎనిమిది చెయ్యి వచ్చి రెండు నాలుగు అడుగుతుంది. ఆమె కాదనదు. రెండు నాలుగు చూపిస్తుంది, రెండు ఎనిమిది తొడుగుతుంది. "ఈ కంపెనోళ్లు జర పెద్దగ చేస్తుండ్రు" అని నింద కంపెనీ మీద వేస్తుంది. అందరికీ తృప్తి.

గాజు పిడికిలి దగ్గర ఇరుక్కున్నప్పుడు మాత్రం అసలు విద్య బయటికి వచ్చేది. చేతిని నొక్కి పట్టుకుని, నొప్పి మొదలయ్యే క్షణానికి ఒక ప్రశ్న వేసేది.

"మీ అత్త మంచిదేనా?"

ఆ ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పగలిగిన ఆడమనిషి ఇంకా పుట్టలేదు. గాజు తొడిగించుకునే మనిషి "మంచిదే గానీ..." అని మొదలుపెట్టేది. ఆ "గానీ" దగ్గర మనసు ఇంటికి పోయేది, చెయ్యి మెత్తబడేది, గాజు లోపలికి జారేది. కొందరు గాజులు తొడిగించుకున్నాక కూడా అక్కడే నిలబడి మిగిలిన జవాబు పూర్తి చేసి వెళ్లేవారు. ఒకామె జవాబు మూడు రోజులు నడిచింది.

ఆమెతో నాకు అసలు పరిచయం నా తెలివి వల్ల అయింది. పెళ్లిరోజుకు భార్యకు చెప్పకుండా గాజులు కొందామని, ఆమె నిద్రపోతున్నప్పుడు మణికట్టు చుట్టూ దారం చుట్టి, ముడివేసి, జేబులో పెట్టుకుని వెళ్లాను. గాజులామె ఆ దారాన్ని వెలుతురులో పట్టి చూసింది.

"ఇది ఎవలి చెయ్యి సారు? మేకపిల్లదా?"

"మా ఇంట్లో ఆమెది."

"మణికట్టు కొలిచినవా?"

"అవును. గాజు ఉండేది అక్కడే కదా."

"ఉండేది ఆడనే. వచ్చేది గీ దిక్కు నుంచి" అని తన పిడికిలి చూపించింది. బొటనవేలిని అరచేతిలోకి మడిచి, నాలుగు వేళ్లు దగ్గరకు చేర్చి, వేళ్ల మొదళ్ల మీదుగా ఉన్న లావుపాటి చోటు చుట్టూ దారం తిప్పింది. "ఇది దాటినంకనే మణికట్టు. దర్వాజ కొలవకుండ మంచం కొన్నట్టున్నది నీ కత."

మరునాడు భార్య చేతిని అలా మడిపించి, కారణం అడిగితే యోగాసనమని చెప్పి, కొత్త దారం తీసుకుపోయాను. గాజులామె ఆ దారాన్ని మూడు సమాన మడతలు వేసింది. మడతను చెక్క మీద పరిచింది. సున్నం డబ్బీ తెరిచి ఒక సజ్జగింజ తీసి మడత కొసన పెట్టింది. గింజ మందం మేర గోటితో నొక్కి, అంత తగ్గించి, మిగిలిన పొడవుకు ఒక గాజును ఆనించింది. గాజు అడ్డం సరిగ్గా అంతే ఉంది.

"రెండు నాలుగు" అంది.

"మూడు మడతలు సరే. ఆ గింజెందుకు?"

"గింజ దియ్యకుంటే వదులైతది. అంట్లు తోముతుంటే జారి సింకుల పడ్తది."

"అదే, ఎందుకు వదులవుతుంది అని."

"చుట్టు కొలిస్తే అడ్డానికి మూడింతలే ఉంటదనుకుంటరు అందరు. మూడే ఉంటే మంచిగుండు. మూడు మీద జర ఉంటది సారు. రెండు నాలుగు గాజు చుట్టుల అడ్డాలు మూడు, పైన సజ్జగింజలు మూడు. మడతకొక గింజ."

"ఆ జర ఎందుకుంటుంది?"

"నాకేం తెల్సు. మా అమ్మ చెప్పింది. నువ్వు సదువుకున్నోనివి, నువ్వే చెప్పు."

నేను బడిలో ఇరవై రెండు బై ఏడు అని పదివేల సార్లు రాసినవాణ్ణి. ఎందుకని ఒక్కసారీ అడగలేదు. చెప్పలేక, ఎండ ఎక్కువగా ఉందని అన్నాను. ఆమె తమలపాకు పక్కకు తోసి నవ్వింది. గాజులు నా భార్యకు సరిగ్గా పట్టాయి. ఎలా తెలిసిందని అడిగితే, చూపుతో కొలిచానని చెప్పాను. ఆ అబద్ధం మా కాపురంలో ఇప్పటికీ ఒక స్తంభం.

ఇక గాజులామెను నేను మరిచిపోలేని రోజు గురించి చెప్పాలి.

మా అమ్మ మాతోనే ఉంటుంది. ఆమె ఎడమచేతికి ఒక వెండి కడియం. మా అమ్మమ్మ చేతి కడియాలు రెండు; అమ్మమ్మ పోయాక ఒకటి అమ్మ తీసుకుంది, ఇంకొకటి రాజోలిలో ఉన్న చిన్నమ్మ తీసుకుంది. అక్కచెల్లెళ్లు కలిసినప్పుడల్లా మొదట చేతులు పక్కపక్కన పెట్టి కడియాలు టంగుమని తగిలించుకుంటారు. తర్వాతే మంచినీళ్లు. చిన్నమ్మకు కొంతకాలంగా గుండె జబ్బు. ఆమెకు మందులు పనిచేస్తున్నాయని డాక్టర్లు అనుకుంటారు. కడియం పనిచేస్తోందని మా అమ్మ నమ్మకం.

ఒకరోజు పొద్దున ఆరేసిన తువ్వాలను తీగ మీద నుంచి లాగింది అమ్మ. మడతలో కందిరీగ ఉంది. పిచ్చుకంత ఉంది. ఎడమచేతి మీద, వేళ్ల మొదళ్ల దగ్గర కుట్టింది. మేము దవాఖానకు చేరేసరికి చెయ్యి పూరీలా పొంగింది. కడియం మణికట్టులోకి దిగబడి, పక్కన కండ కొత్తగా కట్టిన గట్టులా కనిపిస్తోంది. డాక్టర్ సూది వేశాడు, మందు ఇచ్చాడు, వేళ్ల కొసలు నొక్కి చూశాడు.

"వాపు తగ్గడానికి టైం పడుతుంది. అప్పటిదాకా ఈ కడియం ఉండొద్దు. రక్తం ఆడదు. సబ్బు పెట్టి చూడండి. పావుగంటలో రాకపోతే కోయాల్సిందే" అన్నాడు. ఆయన చెప్పింది న్యాయమే. చిటికెన వేలు అప్పటికే వంకాయ రంగుకు తిరుగుతోంది.

అమ్మ చెయ్యి గుండెకు హత్తుకుంది. "నా చెయ్యి కోయుండ్రి, కడెం కోయొద్దు" అంది.

"పెద్దమ్మా, కడెం ఇంకోటి చేపిచ్చుకోవచ్చు" అంది నర్సు. ఆమెది వీపనగండ్ల, మాట కరుకు, చెయ్యి మెత్తన.

"గది కాదు బిడ్డా. ఇది తెగితే ఆడ నా చెల్లెకు ఏమన్నయితది. రెండు ఒక్క జంట. దాని పానం మీదికి వస్తది."

అమ్మ ఏడవడం నేను చూడటం అది రెండోసారి. మొదటిసారి ఎప్పుడో చెప్పను, దాన్ని పెంచడం నాకు ఇష్టం లేదు.

నర్సు సబ్బు రుద్దింది. రాలేదు. ఇంకోసారి రుద్దింది. గదిలో నురగ మోకాళ్ల దాకా వచ్చింది గానీ కడియం రాలేదు. చివరికి ఆమె, "గేటు కాడ గాజులామె ఉంటది, ఆగుండ్రి" అని తనే బయటికి పరుగెత్తింది. పిలవడం తరువాయి, గాజుల బుట్ట చంకన పెట్టుకుని ఆమె వచ్చింది. అమ్మ చెయ్యి చూసింది. అమ్మ మొహం చూడలేదు.

"రెండు నాలుగు కడెం" అంది. "ఎన్నేండ్లాయె అక్కా తీయక?"

"మా అమ్మ పోయినప్పుడు ఏసుకున్న. మల్ల తీయలె."

"అయితే బయటికొచ్చే తొవ్వ మరిచిపోయింటది. యాదికి తెద్దాం."

నర్సు దగ్గర బట్టకట్టు అడిగి తీసుకుంది. వేళ్ల కొసల నుంచి మొదలుపెట్టి మణికట్టు దాకా గట్టిగా చుట్టింది. చెయ్యి పైకెత్తి పట్టుకొమ్మంది. అమ్మ పక్కన నిలబడి ఆ చేతిని నేనే పట్టుకున్నాను. వాపు మెల్లగా కిందికి దిగుతుందని చెప్పి, ఆమె స్టూలు మీద కూర్చుని తమలపాకు మడుచుకుంది. ఆ పది నిమిషాలు నాకు పది పంచవర్ష ప్రణాళికల్లా నడిచాయి.

కట్టు విప్పింది. బొటనవేలు లోపలికి మడిచి, ఎర్ర దారంతో చుట్టూ కొలిచింది. నర్సు దారాన్ని స్కేలు మీద పెట్టింది. ఇంచుమించు ఏడు అంగుళాలు.

అప్పుడు పక్క బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దమనిషి లేచాడు. ఇలాంటివాళ్లు ప్రతి దవాఖానలో ఒకరుంటారు. జేబులో మూడు పెన్నులు, ఒకటీ రాయదు. ఎవరికి ఏ జబ్బు వచ్చినా ఆయనకు ముందే తెలుసు. గొంతు ఎలాంటిదంటే, రహస్యం చెబితే బస్టాండులో వినబడుతుంది. ఆయన గాలిలో వేలితో లెక్క వేశాడు.

"కడియం అడ్డం రెండుంబావు. మూడింతలు చేస్తే ఆరుముప్పావు. చెయ్యి ఏడు. ఆరుముప్పావులోంచి ఏడు ఎట్ల వస్తది? రాదు. ఊరికే ముసలామెను సతాయించకండి" అన్నాడు. అంతటితో ఊరుకోలేదు. తనకు తెలిసిన వెల్డింగ్ షాపతను ఉన్నాడంటూ ఫోన్ తీసి, కట్టర్ తెమ్మని చెబుతూ వరండాలోకి నడిచాడు.

అమ్మ కళ్లు మూసుకుంది.

గాజులామె ఆయన పోయిన వైపు ఒక్క క్షణం చూసింది. బుట్టలోంచి ఒక రెండు నాలుగు మట్టిగాజు తీసి మంచం మీద పెట్టింది. దారంతో దాని అడ్డం కొలిచింది. ఆ అడ్డాన్ని దుప్పటి మీద పక్కపక్కన మూడుసార్లు పరిచి గోటితో గుర్తు పెట్టింది. సున్నం డబ్బీ తెరిచింది. ఒక గింజ, పక్కన ఇంకో గింజ, దాని పక్కన మూడోది. తర్వాత అమ్మ చెయ్యి కొలిచిన దారాన్ని ఆ వరుస పక్కనే సాపుగా పరిచింది.

దారం మూడు అడ్డాలు దాటింది. మొదటి గింజ దాటింది. రెండో గింజ దగ్గర ఆగిపోయింది.

"సూడు సిస్టర్" అంది. "ఒక గింజ మిగిలింది."

"ఒక గింజతోటి ఏమైతది?" అంది నర్సు.

"మనకు గింజంత సందు ఉన్నది. సాలు."

అంత పెద్ద దవాఖానలో, అంతమంది చదువుకున్నవాళ్ల మధ్య, మూడు మీద ఉన్న ఆ ముక్కను లెక్కలోకి తీసుకున్నది ఆమె ఒక్కతే. మిగతా లోకం మూడు దగ్గర ఆగిపోయింది.

పల్చటి క్యారీబ్యాగును అమ్మ చేతికి తొడిగింది, కొసను కడియం కిందుగా దూర్చింది. పైన కొబ్బరినూనె రాసింది. చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టి మెల్లగా నొక్కడం మొదలుపెట్టింది. కడియం కదిలింది. వేళ్ల మొదళ్ల దాకా వచ్చి నిలబడింది. అమ్మ పళ్లు బిగించింది, దాంతో పాటు చెయ్యీ బిగుసుకుంది. ఒక గింజ సందు ఉన్నచోట బిగుసుకుంటే ఇంకేం మిగులుతుంది?

గాజులామె తల ఎత్తి మామూలుగా అడిగింది.

"అక్కా, నీ కొడుకు మంచోడేనా?"

అమ్మ కళ్లు తెరిచింది. "మంచోడే గానీ..." అంది.

ఆ తర్వాత వచ్చింది ఒక పెద్ద వరద. వాడికి చిన్నప్పటి నుంచి నోరు ఆగదని చెప్పింది. పాలు పొంగితే ఇల్లు మునిగిందంటాడని, జలుబు చేస్తే వీలునామా రాస్తానంటాడని, ఊళ్లో చుట్టాలకు అమ్మ మోకాలి నొప్పిని తుంటి విరిగినట్టు చెప్పి వాళ్లు అరటిపళ్లతో పరుగెత్తుకొచ్చేలా చేశాడని చెప్పింది. చెప్పి, ఒకసారి ఊపిరి తీసుకుంది. వరండా వైపు మొహం తిప్పి, గొంతు కాస్త పెంచి అంది:

"అయినా వాడుండంగ నా కడెం ఎవ్వరు కోయరు."

ఆ మాట పూర్తయ్యేసరికి కడియం గాజులామె చేతిలో ఉంది.

నర్సు గోడకు ఆనుకుంది. అమ్మ ఖాళీ చేతిని చూసుకుంది, కడియాన్ని చూసింది, రెండో చేత్తో దాన్ని తీసుకుని తడిమింది. ఎక్కడా గీత లేదు. చిటికెన వేలు మెల్లగా మనిషి రంగులోకి వచ్చింది. నా ఒంట్లోంచి అప్పుడు బయటికి వచ్చిన ఊపిరికి కిటికీ కర్టెన్ ఎగిరిందంటే నమ్మండి. నమ్మకపోయినా, మూడుతో భాగించుకున్నా కర్టెన్ కాస్తయినా కదిలిందనే తేలుతుంది.

సరిగ్గా అప్పుడే వెల్డింగ్ షాపతను గుమ్మంలోకి వచ్చాడు. చేతిలో కరెంటు స్తంభాలు కోసేంత కట్టర్. "కడెం యాడున్నది?" అన్నాడు.

అమ్మ కడియాన్ని గబుక్కున కొంగు కిందికి లాక్కుంది. "నిన్నెవరు పిలిచిండ్రు?"

గాజులామె లేచి అతనికి అడ్డంగా నిలబడింది. "నేనే పిలిపిచ్చిన అక్కా. నా బండికి పాత గొలుసు ఒకటి పట్టుకున్నది, చక్రం తిరుగుతలేదు. కడెం కాదు నాయినా, గొలుసు. రా, చూపిస్త." అతన్ని చెయ్యి పట్టుకుని బయటికి నడిపించుకుపోయింది. వరండాలో పెద్దమనిషి పక్క నుంచి పోతూ ఆయన వైపు చూడనైనా లేదు. ఆ రోజు ఆమె బండికి ఉన్న ఒక మంచి గొలుసు నిజంగానే తెగింది. చక్రం అంతకు ముందూ బాగానే తిరిగేది.

వాపు దిగిన పదోరోజు అమ్మ కడియం తీసుకుని బండి దగ్గరికి వెళ్లి, ఆమె చేతనే మళ్లీ తొడిగించుకుంది. క్యారీబ్యాగు విద్య కూడా నేర్చుకుంది. ఇప్పుడు పడుకునే ముందు తీసి దిండు కింద పెట్టుకుంటుంది. చిన్నమ్మ రాజోలిలో బాగుంది. మందులు మానలేదు.

ఆ తర్వాత కొన్నాళ్లకు దవాఖాన గేటు ఎదుట ఆ బండి కనబడలేదు. ఇప్పుడు అక్కడ ఫోన్ కవర్లు అమ్ముతున్నారు. అందుకే మొన్న, అమ్మాయి తెచ్చిన గాజు చేతిలో పెట్టుకుని, గుబులుగా ఆ నర్సుకు ఫోన్ చేశాను. "ఏం గాలే సారు, మంచిగున్నది. కండ్లు జర మసకలొస్తే నాగర్‌కర్నూల్ల బిడ్డ కాడికి పోయింది" అని నంబరు ఇచ్చింది. గుండెల మీద నుంచి నలభై బస్తాలు దింపినట్టయింది. వెంటనే ఆ నంబరుకు చేశాను. గింజ సంగతి ఆమె నోటితోనే మా అమ్మాయి వినాలని స్పీకర్ పెట్టాను. అమ్మ పక్కనే కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

నా పేరు చెప్పాను. ఆమెకు తెలియలేదు. ఉద్యోగం చెప్పాను. తెలియలేదు.

"దవాఖానలో, కందిరీగ కుట్టినామె కొడుకును" అన్నాను.

"రెండు నాలుగు కడెమా?"

"అవును, అవును."

"ఓ, కట్టర్ సారు" అంది ఆమె, ఎంతో ఆప్యాయంగా. "బాగున్నవా?"

చిక్కుడుకాయ విరిగిన చప్పుడు ఆగిపోయింది.

మొదట్లో ఒప్పుకున్నాను కదా, పెంచి చెబుతానని. పెంచడం వేరు, కల్పించడం వేరు. ఇందులో నేను కల్పించింది ఒకే ఒక మనిషిని. ఆ బెంచీ మీద పెద్దమనిషి ఎవరూ లేడు. బెంచీ ఖాళీగా ఉంది. మూడింతలు చేసి, రాదని తేల్చింది నేను. కట్టర్ కోసం ఫోన్ చేసింది నేను. అమ్మ చెయ్యి పైకెత్తి పట్టుకున్నది నర్సు. నేను ఆ వేలి రంగు చూడలేక బెంచీకీ వరండాకూ మధ్య తిరుగుతున్నాను. పెన్నులు మాత్రం రెండే, అందులో ఒకటి రాస్తుంది.

ఇవన్నీ అమ్మ ముందు ఎలా చెప్పాలో తెలియక ఫోన్ వైపే చూస్తూ కూర్చున్నాను.

"దాని మొహం ఏం చూస్తవురా, నాకు ఆ దినమే ఎరుక" అంది అమ్మ, ఇంకో కాయ తీసుకుంటూ.

"ఎట్ల?"

"నువ్వు ఫోన్ మాట్లాడితే రాజోలి దాంక ఇనబడ్తది. పెద్ద కట్టర్ తే, కడెం మోకాలంత మందం ఉన్నదని చెప్తివి. మోకాలంత కడెం ఏసుకుంటే నేను నడుస్తుంటినా?"

"మరి వాడుండంగ ఎవ్వరు కోయరని అన్నవు కదా."

"నువ్వు ఇనాలనే గట్టిగన్న."

ఫోన్లో గాజులామె నవ్వు తమలపాకుతో సహా వినిపించింది. "అక్కా, చెయ్యెట్లున్నది?"

"ఉన్నది. కడెం గూడ ఉన్నది. నువ్వు జర కండ్లు చూపిచ్చుకో."

వాళ్లిద్దరూ ఇక నన్ను పట్టించుకోలేదు. స్పీకర్ వాళ్లకు వదిలేసి నేను లేచాను. ఇన్నాళ్లూ నా మణికట్టుకు ఒక కడియం ఇరుక్కుని ఉందని, అది వదిలాక గానీ నాకు తెలియలేదు.

మా అమ్మాయి అప్పటికే వంటింట్లోంచి గుప్పెడు సజ్జలు తెచ్చుకుంది. నానమ్మ కడియం అడిగి తీయించుకుంది. కాగితం ముక్కను లోపలి అంచుకు ఆనించి చుట్టి, కత్తిరించి, నేల మీద పరిచింది. ఈసారి నన్ను ముట్టుకోనివ్వలేదు. అడ్డం మూడుసార్లు పట్టింది. పైన మిగిలిన చోట గింజలు పేర్చింది.

మూడు పట్టాయి. ఈ అంకెను మాత్రం భాగించకండి.